గెడ్డింగ్టన్‌లో రాణిని దింపిన చోటు

మా బాబాయిని నేను ఇంగ్లండు తీసుకెళ్ళానని బెజవాడలో చాలామంది అనుకుంటున్నారు. నిజానికి ఆయనే నన్ను తీసుకెళ్ళాడు. పిలుపు వచ్చింది ఆయనకి. లెస్టర్ అనే ఊళ్ళో చేనేత ప్రదర్శన పెడుతున్నామని, మగ్గం మీద నేసి చూపించడానికి ఒక నేతగాణ్ణి పంపమని మంగళగిరి చేనేత సొసైటీని అడిగారు, వాళ్ళు బాబాయి పేరు చెప్పారు. బాబాయికి ఇంగ్లీషు రాదు, తోడు ఎవరో ఒకరు ఉండాలి. నేను స్కూల్లో సోషల్ చెబుతాను, దసరా సెలవులు కలిసొచ్చాయి, పాస్‌పోర్టు ఉంది. నోరు కూడా ఉందని మా ఆయన అంటారు. అలా దుబాసీ ఉద్యోగం నాకు దక్కింది.

బాబాయి ఒప్పుకోవడమే పెద్ద ఆశ్చర్యం. పిన్ని పోయాక ఆయన మంగళగిరి దాటలేదు. పిన్ని పేరు వరలక్ష్మి. ఆయన నేలలో తవ్విన గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే ఆవిడ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. బట్టకి అడ్డంగా పోయే పేక నూలు చుట్టిన చిన్న పుల్లను కండె అంటారు. దాన్ని అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టి నేస్తారు, అయిపోగానే ఇంకొకటి కావాలి. "వరాలూ, కండెలూ!" అని బాబాయి గుంటలోంచి కేక వేస్తే వీధి చివరిదాకా వినపడేది. చిన్నప్పుడు సెలవులకి వెళితే ఆ కేకతోనే మాకు తెల్లవారేది. ఆవిడ "వస్తన్నా, ఆగండి" అనేది కానీ ఎప్పుడూ వెంటనే వచ్చేది కాదు.

కరోనా రోజుల్లో పిన్నిని గుంటూరులో ఆస్పత్రిలో చేర్చారు. మళ్ళీ ఇంటికి రాలేదు. మొహం కూడా చూడనివ్వకుండా మూటగట్టి బండిలో నేరుగా శ్మశానానికి తీసుకెళ్ళారు. అప్పటి పద్ధతి అది, ఎవరినీ అనడానికి లేదు. పాడె లేదు, మోసేవాళ్ళు లేరు, దింపుడు కళ్ళెం లేదు. మనవైపు పాడెను దారి మధ్యలో ఒకచోట దింపి, పోయిన మనిషి చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా, ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉందేమోనని. పలక్కపోతే ఇక లేరని ఒప్పుకుని ముందుకు కదులుతారు. బాబాయి మిగతా దేని గురించీ మాట్లాడలేదు కానీ ఈ ఒక్కమాట మాత్రం నాతో అన్నాడు.

"పిలవకుండానే పంపిచ్చేశానమ్మాయ్. పిలిస్తే పలికేదేమో ఎవరికి తెలుసు?"

అప్పటినుంచి ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. ముదురాకుపచ్చ చీర, జరీ అంచు. దానిమీద పాత పంచె కప్పాడు. పిన్ని చుట్టి పెట్టిన కండెల బుట్ట మగ్గం పక్కనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు. తను సొసైటీ షెడ్డుకి వెళ్ళి అక్కడి మగ్గం మీద నేస్తాడు. అక్కడా కండె అయిపోతే నోరెత్తి అడగడు. గుంటలోంచి లేచి వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ దిగుతాడు. పక్కనే చుట్టేవాళ్ళున్నా అంతే. పిన్ని పేరైతే ఆయన నోట మళ్ళీ వినలేదు. ఆయనకి గాలి మార్పు కావాలి, ఆ గుంటలోంచి కొన్నాళ్ళు బయటికి లాగాలి అన్నదే నా ఆశ. ప్రదర్శన ఒక సాకు.

గన్నవరంలో పొద్దున విమానం ఎక్కాం. ఢిల్లీలో తనిఖీ చేసే ఆయన బాబాయి సంచిలోంచి, సొసైటీ నుంచి తెచ్చుకున్న కండెలన్నీ బయటికి తీసి ఏమిటివని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బాబాయి ఒక కండె తీసుకుని, గాల్లో నాడె విసిరినట్టు ఇటునుంచి అటు రెండుసార్లు విసిరి చూపించాడు. ఆయన నవ్వి, వాళ్ళ నాయనమ్మ ఇంట్లో కూడా ఇలాంటివి ఉండేవని హిందీలో చెప్పి, ఒక్కొక్కటీ జాగ్రత్తగా సర్ది ఇచ్చాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు మమ్మల్ని తినేసేలా చూశారు.

సాయంత్రానికి లండన్‌లో దిగి, సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో లెస్టర్ రైలెక్కాం. గంట పైచిలుకు ప్రయాణం. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: ఆ రైలు టిక్కెట్లు ముందుగా కొనుక్కోండి, అప్పటికప్పుడు కొంటే వాత పెడతారు. ఇంకా కాస్త వెలుతురు ఉంది. బాబాయి మంకీ క్యాప్ పెట్టుకుని కిటికీకి అతుక్కుపోయాడు.

"ఇన్ని గొర్రెలున్నయ్యి, కాపరి ఏడమ్మాయ్?"

నాకూ కనపడలేదు. లెస్టర్ చేరేదాకా ఆయన ఆ కాపరి కోసమే చూశాడు.

లెస్టర్‌లో మాకు ఒక గుజరాతీ వాళ్ళ ఇంట్లో బస ఇచ్చారు. రెండు గదులు, వేడినీళ్ళు, వంటింట్లో మనం వండుకోవచ్చు. ప్రదర్శన హాలుకి నడిచి వెళ్ళేంత దూరం. అక్కడ బాబాయికి గుంట లేని చెక్క మగ్గం ఇచ్చారు. దాన్ని చూడగానే మొహం చిట్లించాడు. "నేలలోకి దిగకుండా కుర్చీలో కూర్చుని నేస్తే అది నేతేనా?" అని సణిగాడు కానీ మధ్యాహ్నానికి దాన్ని దారికి తెచ్చుకున్నాడు. జనం చుట్టూ మూగి చూసేవారు. నేను పక్కనే కండెల బుట్టతో కూర్చునేదాన్ని. కండె అయిపోతే ఆయన మగ్గం ఆపి, లేచి, చుట్టూ తిరిగి నా దగ్గరకొచ్చి, బుట్టలోంచి తీసుకుని, మళ్ళీ చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. చెయ్యి చాపితే అందించేదాన్ని కదా. నాకు ఒళ్ళు మండేది. కాసేపటికి జాలేసేది.

రెండో రోజూ మూడో రోజూ వచ్చి మా ముందే కూర్చున్న పెద్దావిడ ఒకరున్నారు. పేరు జీన్. డెబ్భై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. మెడ చుట్టూ తనే నేసుకున్న ఉన్ని కండువా. ఆవిడ నన్ను మెల్లగా అడిగింది, "దారం అయిపోయినప్పుడు ఆయన మిమ్మల్ని ఎందుకు అడగరు?" అని. ఇంగ్లండులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరని విన్నాను, ఈవిడ అడిగింది. నేను పిన్ని సంగతంతా చెప్పేశాను. వెళ్ళేముందు, "సోమవారం ఇక్కడ సెలవు కదా, మా ఊరు రండి. మా ఊళ్ళో ఒక రాణి ఉంది, ఆయనకి చూపించాలి," అంది.

సోమవారం పొద్దున లేచి పులిహోర కలిపాను. బయట తిండి మీద బాబాయికి నమ్మకం లేదు. తొమ్మిదిన్నర ప్రాంతంలో లెస్టర్ నుంచి కెట్టరింగ్‌కి రైలు, అరగంటలోపే దిగాం. మా ఎదుటి సీటు కింద ఒక నల్లకుక్క బుద్ధిగా పడుకుని ఉంది. "దానికీ టిక్కెట్టు కొన్నారా అడుగు" అన్నాడు బాబాయి. అడిగాను. దాని యజమాని గట్టిగా నవ్వి, "లేదు, కానీ అది మాకంటే పద్ధతిగా ప్రయాణం చేస్తుంది" అన్నాడు. కెట్టరింగ్ ఊళ్ళోంచి గెడ్డింగ్టన్‌కి బస్సు, మనిషికి మూడు పౌండ్లు. పావుగంట దాటింది. ఇక్కడ బస్సు దిగే ప్రతి మనిషీ డ్రైవరుకి థాంక్యూ చెప్పి దిగుతారు. ఇది బాబాయికి తెగ నచ్చింది. దిగేటప్పుడు ఆయన కూడా రెండు చేతులూ జోడించి "వెళ్ళొస్తామండీ" అన్నాడు. డ్రైవరు కూడా చేతులు జోడించాడు.

గెడ్డింగ్టన్ చిన్న ఊరు. తేనెరంగు రాతి ఇళ్ళు, కొన్నింటికి గడ్డి కప్పు. ఇక్కడ గడ్డి ఇల్లంటే డబ్బున్నవాళ్ళదని చెబితే బాబాయి నమ్మలేదు. దారులు కలిసేచోట, ఊరి నడిబొడ్డున, మెట్ల మీద ఒక రాతి స్తంభం నిలబడి ఉంది. మూడు ముఖాలు, సన్నగా పైకి పోతుంది. పైన మూడువైపులా ఒకే రాణి బొమ్మ చెక్కారు. కిందంతా పూల పని. బాబాయి కళ్ళజోడు సర్దుకుని స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బుటాలు చూడమ్మాయ్, సందు లేకుండా ఎట్టా పోశారో! రాతి మీద నేసినట్టే ఉంది."

జీన్ మా కోసం అక్కడే నిలబడి ఉంది. చలిగా ఉన్నా ఎండ బాగుంది. ముగ్గురం ఆ మెట్ల మీదే కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. ఆవిడ కథ చెప్పడం మొదలుపెట్టింది, నేను ముద్దముద్దకీ తెలుగు చేస్తున్నాను. ఏడువందల ఏళ్ళు దాటిన మాట. ఈ ఊరి చుట్టూ అప్పట్లో అడవి. గుడి పక్కన, అంటే వాళ్ళ చర్చి పక్కన, రాజులు వేటకొచ్చినప్పుడు దిగే భవనం ఉండేది. రాజూ రాణీ కలిసి ఇక్కడికి వచ్చేవారు. ఒక ఏడాది చలికాలంలో రాణి ఉత్తరాన ఎక్కడో జబ్బుచేసి చనిపోయింది. రాజు ఆమెను లండన్ తీసుకెళ్ళాడు. దారిలో రాత్రి అయినచోటల్లా ఆగారు. శవాన్ని దింపిన ప్రతిచోటా తరవాత ఆయన ఒక స్తంభం నిలబెట్టించాడు. మొత్తం పన్నెండు. ఇప్పుడు మూడే మిగిలాయి. అన్నిట్లోకీ చెక్కుచెదరకుండా ఉన్నది ఇదే.

బాబాయి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏంటీ? శవాన్ని ఇక్కడ దింపారా?"

"అవును బాబాయ్, ఇక్కడే."

"లేమ్మాయ్, లే లే! దింపుడు కళ్ళెం దగ్గర కూర్చుని పులిహోర తింటామా? బుద్ధుండక్కర్లా?"

ఆయన ఒక్క గెంతులో మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డాడు. జీన్ కంగారుపడి, ఎండుమిరపకాయ కొరికాడేమోనని నీళ్ళసీసా పట్టుకుని వెంటపడింది. నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. డబ్బా మూసి, ఇద్దరినీ రోడ్డు అవతల బెంచీ మీద కూర్చోబెట్టి, సోషల్ టీచరుగా నా వంతు ప్రయత్నం చేశాను. ఇది దింపుడు కళ్ళెం కాదు బాబాయ్, రాత్రిపూట బస అంతే, వీళ్ళకి ఆ ఆచారం లేదు, అన్నాను. ఆయన నా మాట చెవినపెట్టలేదు.

"పెళ్ళాన్ని తీసుకుపోతా దారిలో దింపారు. దింపినచోట గుర్తు పెట్టుకున్నాడు. ఇంకేం కావాలి? రాజు పిలిచాడా లేదా, అది కనుక్కో."

ఏం చెయ్యను, జీన్‌కి మా ఆచారం మొదటినుంచి చివరిదాకా చెప్పి, ఆ ప్రశ్న అడిగాను. ఆవిడ ఆ స్తంభం పక్కనే పుట్టి పెరిగిన మనిషి. ఊరికొచ్చే వాళ్ళకి చర్చి తలుపు తీసి చూపించే పని కూడా చేస్తుంది. ఇంతవరకూ ఎవరూ ఈ ప్రశ్న వెయ్యలేదంది. స్తంభం వైపు కాసేపు చూసి, "ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టలేదు. కానీ పన్నెండుచోట్ల రాయి నిలబెట్టిన మనిషి పిలవకుండా ఉంటాడా?" అంది.

నేను తెలుగులో చెప్పాను. బాబాయి తలూపాడు.

తరవాత జీన్ మమ్మల్ని చర్చికి తీసుకెళ్ళింది. స్తంభానికి వెనకే ఉంది. లోపల గోడల్లో కొంత భాగం రాణి కాలానికే పాతదట. ఉత్తరం వైపు ఒక వాకిలి చూపించి, వేటభవనం నుంచి రాజులు ఇటే వచ్చేవారని చెప్పుకుంటామంది. భవనం ఇప్పుడు లేదు, ఆ చోటంతా పచ్చిక. ఆ రాత్రి రాణిని ఇక్కడే ఉంచి ఉంటారని జీన్ అన్నప్పుడు బాబాయి బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. అక్కణ్ణించి ఊరి చివర వంతెనకి నడిచాం. ఇదీ ఆ పాతకాలందే. మధ్యమధ్య గోడ బయటికి పొడుచుకొచ్చి, బండి వస్తే మనిషి పక్కకి ఒదిగి నిలబడేలా కట్టారు. పక్కనే ఏరు లోతు లేకుండా పారుతుంది, కార్లు నీళ్ళలోంచే దాటి పోతాయి. మన కాలవల్లో పిల్లకాలవ అంత ఉంటుంది. మామూలుగా అయితే బాబాయి దాని మీద పది మాటలు అనేవాడు. ఒక్కటీ అనలేదు. వంతెన మీద ఆగి, "వెనక్కి పోదాం పద, పనుంది" అన్నాడు.

స్తంభం దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రోడ్డు మీద ఎవరూ లేరు. బాబాయి బూట్లు, మేజోళ్ళు, మంకీ క్యాప్ అన్నీ తీసి నా చేతికిచ్చి మెట్లెక్కాడు. రాణి బొమ్మ చెవి ఎక్కడో పైన ఉంది, అందదు. ఆయన రాతికి నోరు ఆనించి పిలిచాడు.

"వరాలూ."

నాకు మాత్రమే వినపడేంత నెమ్మదిగా. ఇన్నేళ్ళకి ఆ పేరు ఆయన నోటినుంచి విన్నాను. రెండోసారి కాస్త గట్టిగా పిలిచాడు. మూడోసారి తల ఎత్తి, మంగళగిరిలో గుంటలోంచి వేసే ఆ పాత కేకే వేశాడు.

"వరాలూ! కండెలు అయిపోయినయ్యే!"

ఊరంతా మోగింది. ఎదుటింట్లో ఎవరో కిటికీ తెర పక్కకి తీసి చూశారు. బాబాయి చెవి రాతికి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. "వస్తన్నా, ఆగండి" అన్న మాట కోసం నేనూ విన్నాను, ఒట్టు, సోషల్ టీచర్ని అయ్యుండి కూడా విన్నాను. చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడు కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారాయి. పిన్ని పోయిన రోజున కూడా నేను ఆయన కన్నీళ్ళు చూడలేదు. నేనైతే రోడ్డు మీదే ఏడ్చేశాను. జీన్ నా భుజం పట్టుకుంది.

బాబాయి మెట్లు దిగి మొహం తుడుచుకున్నాడు.

"పలకలేదమ్మాయ్. పలకదని తెలుసులే. కానీ పిలవాలిగా."

తరవాత స్నానం చెయ్యాలన్నాడు. అక్టోబరు చలిలో ఇంగ్లండు ఏట్లో మునుగుతానంటే నేను ఒప్పుకోలేదు. వాదించుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని నెత్తిన నీళ్ళు చల్లుకోవడానికి రాజీ పడ్డాం. ఆయన ప్యాంటు మడిచి ఏట్లోకి దిగి నిలబడితే, వచ్చిన కారు ఆగి, ఆయన బయటికొచ్చేదాకా ఓపిగ్గా కాచుకుంది. హారను కొట్టలేదు. జీన్ ఇంటికి పరిగెత్తి తువ్వాలు తెచ్చింది.

టీ తాగడానికి రమ్మంటే బాబాయి ఆవిడ గుమ్మం బయటే ఆగిపోయాడు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు దీపం చూడకుండా ఇంట్లోకి రాకూడదు. నేను ఇబ్బందిపడుతూనే ఆ సంగతి చెప్పాను. జీన్ లోపలికెళ్ళి కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి తెచ్చి, ఆయన ముందు పట్టుకుని నిలబడింది. బాబాయి దీపానికి దణ్ణం పెట్టి లోపలికెళ్ళాడు. ముగ్గురం కలిసి మిగిలిన పులిహోర తిన్నాం. జీన్ రెండుసార్లు వడ్డించుకుంది. మిరపకాయలు మాత్రం పక్కన పెట్టింది.

నాలుగింటి బస్సుకి కెట్టరింగ్, అక్కణ్ణించి రైల్లో లెస్టర్. బాబాయి దారంతా నిద్రపోయాడు, తల నా భుజం మీద వాలిపోయింది. మర్నాడు ప్రదర్శనలో నేను ఎవరికో జరీ గురించి చెబుతుంటే వెనకనుంచి నా పేరు పెట్టి కేక వినపడింది.

"సుధా! కండే!"

హాల్లో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. నేను నా ఇంగ్లీషు మధ్యలోనే వదిలేసి బుట్టతో సహా పరిగెత్తాను.

వచ్చిన దారినే తిరిగి వచ్చాం. గన్నవరంలో దిగేసరికి మధ్యాహ్నం. బయటికి రాగానే ఆ ఉక్కపోత మొహానికి తగిలి ప్రాణం లేచొచ్చింది. ట్యాక్సీ వాడికి మంగళగిరి అని చెప్పాం. వారధి మీదికి వచ్చేసరికి కృష్ణ నిండుగా ఉంది. బాబాయి అద్దం దించి, నీళ్ళు చూస్తూ అన్నాడు.

"ఇంట్లో మగ్గం మీది చీర పూర్తి చెయ్యాలమ్మాయ్. మీ పిన్ని చుట్టిన కండెలున్నయ్యిగా. అయ్యి చాలకపోతే, ఆదివారం వచ్చి నాలుగు చుట్టి పెడతావా?"

"నాకు సరిగ్గా రాదుగా బాబాయ్."

"రాకపోతే నేర్చుకుందువులే. పిలుస్తాగా."

పెద్ద పెద్ద కోటలూ రాజమహళ్ళూ చూడాలనుకునేవాళ్ళకి లండన్‌లో చాలా ఉన్నాయి. గెడ్డింగ్టన్‌లో ఉన్నవి ఒక స్తంభం, ఒక చర్చి, ఒక వంతెన, అంతే. పూట చాలు. కెట్టరింగ్ నుంచి బస్సులు ఉంటాయి, తిండి మాత్రం వెంట తీసుకెళ్ళండి. తినడానికి రోడ్డు అవతల బెంచీ ఉంది. ఆ స్తంభం మెట్ల మీద మాత్రం కూర్చోకండి. అక్కడ ఒక రాణిని దింపారు. మా పిన్నిని కూడా అక్కడే దింపాం.